ఫ్రిజ్ తలుపు మీద రెండు వారాలు

బడులు తెరవడానికి పది రోజులుందనగా మా ఇంటికి డబ్బాలు రావడం మొదలైంది. అట్టపెట్టెలో పెద్ద డబ్బాలు, వాటిలో చిన్న డబ్బాలు, వాటిలో ఇంకా చిన్నవి. అన్నీ లోపలున్నది బయటికి కనిపించేవే. లోపల ఏముందో కనిపిస్తున్నప్పుడు పైన పేరు రాసి అంటించడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మా కోడలికి అర్థమైంది. ఆమె ఫోనులో ఒకావిడ వీడియోలు చూస్తుంది. ఆ వీడియోల్లో ఇల్లు ఎప్పుడు చూసినా తెల్లగా, చప్పుడు లేకుండా, మనుషులు లేకుండా ఉంటుంది. మనుషులు లేని ఇంటిని సర్దడం ఎవరికైనా వస్తుంది. మాది మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాటు. అందులో నా కొడుకు, కోడలు, మూడో తరగతికి వెళ్లబోతున్న మనవరాలు, నేను ఉంటాం. డబ్బాలు వచ్చాక మేం నలుగురం కొంచెం పక్కకు జరిగాం.

ఈ హడావుడికి అసలు కారణం వేరే ఉంది. అంతకుముందు కోడలు వారంలో మూడు రోజులు ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేది. జూన్ నుంచి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలని వాళ్ల కంపెనీ చెప్పేసింది. కొడుకు ఎప్పటి నుంచో వెళ్తూనే ఉన్నాడు. స్కూలు బస్సు మధ్యాహ్నం మూడూ నలభైకి పిల్లను మా గేటు దగ్గర దింపుతుంది. ఒకరు మాదాపూర్ నుంచి, ఒకరు గచ్చిబౌలి నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. మధ్యలో ఆ మూడు గంటల ఇరవై నిమిషాలు పిల్ల ఎక్కడుండాలి అని భార్యాభర్తలిద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడుకున్నారు. నేను అక్కడికి నాలుగడుగుల దూరంలో వెల్లుల్లి ఒలుస్తున్నాను.

కొడుకు మా అపార్ట్‌మెంట్ ఎదురుగా రోడ్డు దాటితే ఉండే డేకేర్ సంగతి ఎత్తాడు. ఏసీ ఉందట. గోడల నిండా బొమ్మలున్నాయట. పిల్ల ప్రతి గంటకూ ఏం చేసిందో రాసి పెడతారట. నేను ఒలుస్తున్న వెల్లుల్లి పక్కన పెట్టి, "నేనున్న గద" అన్నాను.

ఇద్దరూ ఒక్కసారి నా వైపు చూశారు. బీరువా మాట్లాడితే ఎలా చూస్తారో అలా.

"మీరుండబట్టే కదండీ అత్తయ్యగారూ మా ధైర్యం" అంది కోడలు. "కాకపోతే హోంవర్కు, ప్రాజెక్టులు, ఇంగ్లీషు... అదీ కాక పాపకు ఒక పద్ధతి అలవాటు కావాలి కదండీ."

కోడలిది గోదావరి వైపు. మనిషిని ఒక పనికి పనికిరావని చెప్పేటప్పుడు కూడా రెండుసార్లు 'అండీ' పెట్టి చెబుతుంది. మా పాలమూరులో పొగిడినప్పుడు కూడా అంత గౌరవం దొరకదు. ఇక నా కొడుకు భార్యతో మాట్లాడేటప్పుడు గోదావరి దాటేస్తాడు, నాతో మాట్లాడేటప్పుడు పాలమూరు బస్సెక్కుతాడు, ఆఫీసు నుంచి ఫోనొస్తే విమానం ఎక్కుతాడు. ఆ సాయంత్రం పాలమూరు బస్సులో వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, జర ట్రయల్ చేసి చూద్దం. బడి మొదలైనంక రెండు వారాలు. మంచిగ నడిస్తే పిల్ల ఇంట్లనే ఉంటది. లేకుంటే డేకేర్ల ఏద్దం."

అరవై దాటిన మనిషిని, సొంత ఇంట్లో, సొంత మనవరాలి దగ్గర ప్రొబేషన్ మీద పెట్టారు. నేను సరేనన్నాను. సరేననడానికి నాకు ఒక కారణం ఉంది. వేసవి సెలవుల్లో నాకు జ్వరం వచ్చినప్పుడు పిల్లను ఒక వారం ఆ డేకేర్‌కే పంపారు. వచ్చాక బొమ్మకు రంగులేసుకుంటూ, తల ఎత్తకుండా నాతో ఒక మాట అంది: "నానమ్మా, అక్కడ అందరూ గోడ దిక్కు తిరిగి పండుకోవాలి. నిద్ర రాకున్నా." ఆ మాట కోడలికి చెప్పాను. అది స్లీప్ రొటీన్ అండి, మంచిదే, అంది. పిల్ల మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం నా పక్కన పడుకుంటే మాత్రం నా వైపే తిరిగి పడుకుంటుంది.

బడి తెరిచే ముందు ఆదివారం ఇల్లు సర్దారు. సర్దారు అని చిన్న మాటతో చెప్పడం అన్యాయం. పొద్దున ఆరింటికి మొదలై దీపాలు పెట్టే వేళకు గానీ నిలవలేదు. పేర్లు అచ్చువేసే చిన్న మిషను ఒకటి కొన్నారు. అది టకటకమంటూ పేర్లు కక్కుతుంటే కోడలు వాటిని అంటిస్తూ పోయింది. ఉప్పు డబ్బా మీద ఉప్పు అని, చక్కెర డబ్బా మీద చక్కెర అని, ఇంగ్లీషులో. యాభై ఏళ్లుగా వంట చేస్తున్నాను. ఉప్పును చూసి ఉప్పేనని ఇంతకాలం ఎలా గుర్తుపట్టానో ఆశ్చర్యమే.

గుమ్మం పక్క గోడకు నాలుగు కొక్కేలు, కింద చెప్పుల అర, దాని పక్కన నీళ్ల సీసా పెట్టే గూడు అమర్చారు. ఆ చోటికి లాంచ్ ప్యాడ్ అని పేరు పెట్టారు. రాకెట్లు ఎగిరే చోటిని అలా అంటారని కొడుకు వివరించాడు. మా ఇంటి నుంచి ఎగరబోయేది ఎనిమిదేళ్ల పిల్ల, అదీ సగం నిద్రలో, ఒక మేజోడు తిరగేసి తొడుక్కుని. యూనిఫాంలు ఐదు జతలు ఐదు రోజుల పేర్లతో వేలాడదీశారు. చిరుతిళ్లకు ఐదు డబ్బాలు, వాటికీ రోజుల పేర్లే. గురువారం డబ్బాలోని పల్లీపట్టీ బడి తెరవకముందే మాయమైంది. తిన్నది నా కొడుకు. ఎక్కడా చోటు దొరకని వాటికి 'ఇతరములు' అని ఒక డబ్బా ఉంచారు. సాయంత్రానికి అన్నిటికంటే బరువైన డబ్బా అదే. వారం తిరిగేసరికి మేం వాడుకునే సామానంతా అందులోనే ఉంది. మిగతా డబ్బాలు ఫొటోలకు ఉన్నాయి.

నాకు ఒప్పజెప్పిన పని ఒకటే, నోటుపుస్తకాలకు అట్టలు వేయడం. బ్రౌన్ పేపరు కత్తిరించి, మూలలు మడిచి, పదహారు పుస్తకాలకు వేశాను. ప్రతిదానికీ నాలుగు మూలలా పసుపు అద్దాను. కోడలు చూసి, స్కూల్లో మరకలనుకుంటారండి, లోపలి పేజీలో చిన్న బొట్టు చాలు, అంది. నేను లోపల కూడా పెట్టాను.

చివరికి ఫ్రిజ్ తలుపు మీదికి చార్టు వచ్చింది. పక్కన పద్నాలుగు పనులు, పైన ఐదు రోజులు. ఐదూ నలభై ఐదుకు లేవడం మొదలుకొని సాయంత్రం హోంవర్కు, మర్నాటి సంచి సర్దడం దాకా అన్నీ గళ్లే. ఏ పనికి ఆ పని అయిన వెంటనే గడిలో టిక్కు పెట్టాలి. దారంతో కట్టిన మార్కర్ ఒకటి పక్కన వేలాడుతోంది. రెండు వారాల తర్వాత ఆ చార్టే నా గురించి సాక్ష్యం చెబుతుందన్నమాట.

ఆ గళ్లను చూడగానే నాకు పాత చుట్టం ఎదురైనట్టు అనిపించింది.

హైటెక్ సిటీలో ఒక పెద్ద అద్దాల బిల్డింగులో నేను పద్దెనిమిదేళ్లు హౌస్‌కీపింగ్ చేశాను. అక్కడ ప్రతి టాయిలెట్ తలుపు వెనకా ఇలాంటి చార్టే ఉండేది. గంట గంటకూ నేల, అద్దం, సబ్బు, కాగితం, వాసన. ఒక్కోదానికీ ఒక్కో గడి. మా సూపర్‌వైజర్ మొదటి రోజే చెప్పాడు: "పొద్దుగాలనే అన్ని గీకి పెట్టుండ్రి. ఆడిట్ ఎప్పుడొస్తదో తెల్వది." అందుకని పొద్దున ఎనిమిదింటికే సాయంత్రం ఆరు దాకా అన్నీ శుభ్రమైపోయేవి. శుభ్రం చేయలేదని కాదు. చార్టు అడిగినదానికంటే ఎక్కువే చేశాం. కాకపోతే చార్టులో నాలుగింటికి రెండో అంతస్తు అద్దం తుడిచినట్టుంటే, నిజంగా నాలుగింటికి నేను ఆరో అంతస్తులో ఎవరిదో పుట్టినరోజు కేకును కార్పెట్ మీది నుంచి గోకుతూ ఉండేదాన్ని. పనికీ చార్టుకూ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు. టై కట్టుకున్న ఆడిట్ వాళ్లు వచ్చి గళ్లు నిండి ఉన్నాయా లేదా చూసి వెళ్లేవారు. ఒక్కరూ అద్దం వైపు చూడలేదు, తమ జుట్టు దువ్వుకోవడానికి తప్ప.

నాకు చదువు వచ్చిందీ ఆ చార్టుల వల్లే. మాతో పనిచేసే ఒకామె పదో తరగతి దాకా చదువుకుంది. మెట్ల కింద మేం చీరలు మార్చుకునే గదిలో, అన్నాలు తిన్నాక, పాత చార్టులు తిరగేసి వాటి వెనక మాతో అక్షరాలు దిద్దించేది. అప్పటికి నాకు యాభై దాటాయి. అఆలు, గుణింతాలు, ఒత్తులు, నా పేరు, మా ఊరి పేరు అన్నీ అబద్ధపు టిక్కుల వెనకవైపు నేర్చుకున్నవే. తెలుగు ఇప్పుడు పుస్తకమిస్తే చదువుతాను, రాస్తాను. ఇంగ్లీషు కూడబలుక్కోవాలి.

బడి తెరిచిన సోమవారం నేను నిజాయితీగానే మొదలుపెట్టాను. పిల్ల లేవగానే ఫ్రిజ్ దగ్గరికి పరుగెత్తి టిక్కు. పళ్లు తోమగానే టిక్కు. జడ వేస్తూ మధ్యలో వదిలి టిక్కు. పాలు తాగింది, టిక్కు పెట్టబోతే మార్కర్ లేదు. ఇంట్లో ఉప్పుకు కూడా చోటు, పేరు ఉన్నాయి గానీ మార్కర్‌కు దారం తప్ప ఏమీ లేదు, ఆ దారం తెగింది. దాన్ని వెతికేలోపు బస్సు హారన్ మోగింది. ఆ రోజు పిల్ల ఒక జడతో, ఒక సగం జడతో వెళ్లింది. మంగళవారం కూడా అదే తంతు. పిల్లను చూసుకోవాలా, పిల్లను చూసుకున్నానని రాయాలా అనేది తేల్చుకోవాల్సి వచ్చింది. బుధవారం నుంచి పిల్లను చూసుకున్నాను. సాయంత్రం కోడలు వచ్చే ముందు కూర్చుని గుర్తున్నంతలో గళ్లు నింపాను.

రెండో వారం సోమవారం బస్సు వెళ్లాక, టీ గ్లాసు ఒక చేత్తో పట్టుకుని కొత్త వారం చార్టు ముందు నిలబడ్డాను. ఆ రోజుది నింపుదామనే వెళ్లాను. పద్దెనిమిదేళ్ల అలవాటు చెయ్యి నన్ను అడగకుండానే కిందికీ పైకీ తిరిగింది. టీ చల్లారేలోపు శుక్రవారం సాయంత్రం దాకా మనవరాలు హోంవర్కు అంతా చేసేసింది, పాలన్నీ తాగేసింది, ఒక్కరోజు కూడా బస్సు తప్పలేదు. పిల్ల సాయంత్రం వచ్చి చూసింది. నా వైపు చూసింది. మార్కర్ మూత కింద పడి ఉంటే తీసి పెట్టింది.

మీరడగవచ్చు, కోడలు చూడలేదా అని. చూసింది. మంగళవారం సాయంత్రం వచ్చి చూసి, మెరిసిపోయి, ఫొటో తీసి వాళ్ల పుట్టింటి వాళ్లకూ స్నేహితురాళ్లకూ ఉన్న గ్రూపుల్లో పెట్టింది. ఇల్లు ఇలా సర్దుకుంటే పిల్లలు వాళ్లంతట వాళ్లే దారిలో పడతారని కింద రాసింది. ఎంతమందో బొటనవేళ్లు, చప్పట్లు, పూలగుత్తులు పంపారు. మంగళవారం తీసిన ఫొటోలో శుక్రవారం కూడా పూర్తయిపోయిందని ఒక్క మనిషీ కనిపెట్టలేదు. అందరూ చదువుకున్నవాళ్లే. నిండిన చార్టును ఎవరూ చదవరు. ఖాళీ గడి ఉంటేనే చదువుతారు. ఇది నాకు ఆడిట్ వాళ్ల దగ్గర తెలిసిందే.

బుధవారం సాయంత్రం స్కూలు నుంచి మెసేజ్ వచ్చింది. విద్యార్థి సంఘాలు బంద్‌కు పిలుపిచ్చాయి కాబట్టి గురువారం బడి లేదని. కోడలు వాళ్ల ఆఫీసులో బతిమాలుకుని ఆ ఒక్కరోజు ఇంటి నుంచి పనిచేస్తానంది. గురువారం పొద్దున డైనింగ్ టేబుల్ మీద కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంది. కూర్చున్న కుర్చీ సరిగ్గా ఫ్రిజ్‌కు ఎదురుగా ఉంది. ఏదో పెద్ద మీటింగు నడుస్తోంది. అవతల ఎవరో ఆపకుండా మాట్లాడుతున్నారు, ఈమె వింటూ ఎదురుగా ఉన్నదాన్ని చూస్తోంది. పదకొండు గంటల వేళ చెవుల్లోంచి మీటింగు వినే పుల్లలు తీసి పక్కన పెట్టింది.

"అత్తయ్యగారూ, ఇవాళ ఏ వారమండీ?"

"గురువారం."

"పాప పొద్దున ఏడూ ఇరవైకి బస్సెక్కిందటండి. లంచ్ బాక్సు ఖాళీ చేసిందట. రేపు కూడా వెళ్లొచ్చేసిందట."

పిల్ల నైట్ డ్రెస్సులో టేబుల్ కింద కూర్చుని బొమ్మ గీస్తోంది. కోడలు వంగి చూసింది. "నువ్వా పెట్టింది ఈ టిక్కులు?" అని అడిగింది.

పిల్ల తల్లి వైపు కాకుండా నా వైపు చూసింది. చూసి, మళ్లీ బొమ్మ మీదికి వంగింది. ఎనిమిదేళ్ల పిల్ల నోరు మూసుకుని నన్ను కాపాడుతోంది. నేనూ నోరు మూసుకున్నాను. ఎంతసేపు అంటే చెప్పలేను. తర్వాత చాలా రోజులు సిగ్గుపడటానికి సరిపోయేంతసేపు.

"నేనే పెట్టిన బిడ్డా. దానికేం తెల్వది" అన్నాను.

"వారమంతానా?"

"సోమారం పొద్దుగాల. ఒక్కపారే."

"మరి పోయిన వారం?"

"సోమ, మంగళ నిజం. మిగిలినయి అందాజకు పెట్టిన."

ఆమె అరిస్తే నేనూ ఏదో అనేదాన్ని. నా దగ్గర మాటలకేం కొదవ లేదు. ఆమె అరవలేదు. "చార్టు సంగతి వదిలేయండి అత్తయ్యగారూ" అంది. "నేను అక్కడ ఆఫీసులో కూర్చుని, ఇంట్లో అంతా సరిగ్గానే ఉందిలే, అక్కడ రాసి ఉందిలే అనుకుని పనిచేసుకుంటున్నాను. ఇప్పుడిక దేన్ని నమ్మనండీ?"

ఆమె అడిగింది సరైన మాట. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

కాసేపటికి మజ్జిగ ఇద్దామని వెళ్లాను. ఆఫీసు వాళ్లు ఎవరో వారం పని గంటల లెక్క తొందరగా పంపమన్నట్టున్నారు, ఆమె కంప్యూటర్‌లో ఏవో గళ్లు నింపుతోంది. అంకెలు నాకు అక్షరాల కంటే ముందు నుంచే వచ్చు. ప్రతి రోజు కింద ఎనిమిది గంటలని కొడుతూ పోయింది. శుక్రవారం ఇంకా రాలేదు. శుక్రవారం కింద కూడా ఎనిమిది గంటల పని అయిపోయింది. నేను మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి వచ్చేశాను. ఆ పూట నా తప్పు బయటపడి ఉంది. ఆమెది ఎత్తి చూపినంత మాత్రాన నాది తగ్గదు. అందుకని ఆ రోజు అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సాయంత్రం కొడుకు వచ్చాడు. విషయం విని ముందు పడీపడీ నవ్వాడు. దాంతో ఇద్దరికీ ఒళ్లు మండింది. వాడు అది గమనించి ముఖం సరిచేసుకుని, తన కింద పనిచేసేవాళ్లతో ఎలా మాట్లాడతాడో ఆ గొంతు తెచ్చుకున్నాడు.

"ట్రయల్ అయితే ఫెయిలే గదమ్మా. ఏం చేద్దం మరి. శనివారం పోయి డేకేర్ల పేరు రాయించి వద్దం."

పిల్ల అక్కడే ఉంది. ఏడవలేదు. లేచి, రంగు పెన్సిళ్లన్నీ ఏరి, రంగు పెన్సిళ్లని రాసి ఉన్న డబ్బాలో ఒక్కొక్కటే పెట్టింది. నిన్న విసిరేసిన బూట్లు తీసి చెప్పుల అరలో సర్దింది. రెండు వారాల్లో అదే మొదటిసారి. ఇల్లు సర్దుకోవడానికి మేం కొన్న సామానంతా కలిపి చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. అది చూసి కోడలు వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఆ పిల్ల ముఖం చూడలేక బాల్కనీలో బట్టలు తీయడానికి వెళ్లాను. బట్టలు అప్పటికే తీసి ఉన్నాయి.

శనివారం నలుగురం రోడ్డు దాటాం. నన్ను రమ్మని ఎవరూ అనలేదు. పిల్ల నా చెయ్యి వదల్లేదు, అందుకని వెళ్లాను. మెడలో కార్డు వేసుకున్న ఒకావిడ ఎదురొచ్చి చాలా నవ్వుతూ తిప్పి చూపించింది. ఐదారుగురు పిల్లలు చిన్న బల్లల దగ్గర కూర్చుని ఉన్నారు, గొంతు ఎత్తకుండా. గోడల మీద ఏనుగులు, చేపలు, నవ్వే సూర్యుడు. కొడుకు అన్నిటికీ తలూపుతున్నాడు. కోడలు ప్రశ్నలు రాసుకొచ్చిన కాగితం చూసి ఒక్కొక్కటే అడుగుతోంది.

"ప్రతి గంటకూ అప్‌డేట్ ఉంటుంది మేడం" అంది ఆవిడ, గోడ మీద వరసగా తగిలించిన కాగితాలు చూపించి. "పేరెంట్స్ ఎప్పుడొచ్చి చూసినా అంతా ఓపెన్."

ఒక్కో పిల్లకూ ఒక్కో కాగితం. నేను దగ్గరికి వెళ్లాను. ఇంగ్లీషు చదవడానికి నాకు సమయం పడుతుంది గానీ టిక్కులు చదవడంలో పద్దెనిమిదేళ్ల సర్వీసు నాది. గంట గంటకూ పెట్టిన టిక్కులు ఒకదాని పోలిక ఒకదానికి ఉండదు. ఒకటి నిలబడి పెట్టింది, ఒకటి పరుగులో పెట్టింది, ఒకదానికి పెన్ను ఆడలేదు. ఇక్కడివన్నీ ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే ఊపిరి. పాలు, నిద్ర, హోంవర్కు, అన్నీ సాయంత్రం ఆరున్నర దాకా. చివరి గడిలో పిల్ల ఎలా ఉందో తెలియడానికి నవ్వు ముఖం గీశారు. గోడ గడియారంలో పదిన్నర కావస్తోంది.

అనాలా వద్దా అని తటపటాయించాను. రెండు రోజుల క్రితం ఇదే పనికి దొరికిపోయిన మనిషిని. ఏ ముఖం పెట్టుకుని అడగను? అయితే నా చెయ్యి పట్టుకున్న వేళ్లు బిగిశాయి.

"అమ్మా, ఈ పిల్ల సాయంత్రం ఆరింటికి నవ్వుతదని నీకు పొద్దుగాలనే ఎట్ల తెలిసింది?" అని అడిగాను.

ఆవిడ కాగితం చూసింది, గడియారం చూసింది. "అది ఎక్స్‌పెక్టెడ్ మూడ్ అండి" అంది. "స్టాఫ్ కొత్తవాళ్లు. నేను చెప్తాను వాళ్లకి."

కోడలు వచ్చి ఆ కాగితం ముందు నిలబడింది. మొదటి నుంచి చివరి దాకా చదివింది. పక్క కాగితం కూడా చదివింది. తర్వాత చేతిలోని ప్రశ్నల కాగితం మడిచేసి, అందులో లేని ప్రశ్న అడిగింది.

"మధ్యాహ్నం పిల్లలు ఎటు తిరిగి పడుకుంటారండీ?"

"వాల్ సైడ్ మేడం. అటూ ఇటూ చూడకుండా తొందరగా పడుకుంటారు."

"ఆలోచించుకుని చెప్తామండి" అంది కోడలు. గోదావరి వైపు వాళ్లు అంత మెత్తగా అన్నారంటే ఇక రారని అర్థం. అది ఆవిడకు తెలియదు, నాకు తెలుసు.

బయటికొచ్చి రోడ్డు దాటడానికి నిలబడ్డాం. కొడుకు, "పోనీలే, మా అమ్మ టిక్కులే నయం, నవ్వు ముఖాలు గీయలే" అన్నాడు. కోడలు వాడి వైపు తిరిగి, "మీరు కాసేపు మాట్లాడకండి" అంది. ఆమె నా వైపు తిరిగింది.

"మీ ఇద్దరూ మూడూ నలభై నుంచి ఏడు దాకా అసలు ఏం చేస్తారండీ? చార్టులోది కాదు. జరిగేది చెప్పండి."

చెప్పాను. బస్సు దిగగానే సంచి నాకిస్తుంది. ఇంటికొచ్చి బూట్లు విసిరేస్తుంది. లంచ్ బాక్సులో సగం మిగిలి ఉంటుంది, అది నేను తింటాను. నేను పెట్టుకున్న పెరుగన్నం పిల్ల తింటుంది. గంటసేపు పడుకుంటుంది, లేదా పడుకోకుండా క్లాసులో ఎవరు ఎవరితో కచ్చి కొట్టారో చెబుతుంది. తెలుగు నేను చెప్పిస్తాను. కూడికలు, తీసివేతలు చూస్తాను. ఇంగ్లీషు తనే రాసుకుంటుంది, నేను పక్కన కూర్చుంటాను. తప్పు రాస్తే నాకు తెలియదు. ఒక్కోరోజు హోంవర్కు మొదలుపెట్టేసరికి ఆరున్నర అవుతుంది. ఒక రోజు అసలు చేయలేదు. ఆ రోజు వాన వచ్చింది, ఇద్దరం బాల్కనీలో కూర్చున్నాం.

ఇంత చెప్పాక నాకే అనిపించింది, ఈ మనిషికి పిల్లను ఎవరప్పగిస్తారని. రోడ్డు మీద మధ్యలో ఆగడానికి వీల్లేదు కాబట్టి కోడలు అవతలికి చేరేదాకా ఏమీ అనలేదు. గేటు దగ్గర ఆగింది.

"ఇంగ్లీషు తప్పులు నేను వచ్చాక చూసుకుంటానండి. పాప ఇంట్లోనే ఉంటుంది. మీరు మాత్రం నేను అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బాగోకపోయినా సరే. చెప్తారా?"

చెబుతానన్నాను. పిల్ల అప్పటికే లిఫ్టు దగ్గరికి పరుగెత్తి, పైకి వెళ్లే మీట, కిందికి వెళ్లే మీట రెండూ నొక్కేసింది.

ఫ్రిజ్ మీది చార్టు ఆ రోజే తీసేశారు. దాని బదులు ఏమీ పెట్టకుండా ఉండటం మా కోడలి వల్ల కాదు. సోమవారం సరిగ్గా నాలుగింటికి ఆఫీసు నుంచి ఫోను చేసింది. పద్దెనిమిదేళ్లు నన్ను గంటకోసారి కాగితం అడిగేది, ఇప్పుడు మనిషే అడుగుతోంది. అంత తేడా మంచిదే.

"పాప వచ్చిందా అండీ?"

"వచ్చింది."

"హోంవర్కు మొదలుపెట్టారా?"

"ఇంక ముట్టలే."

"పాలు తాగిందా?"

"సగం అది తాగింది. సగం సోఫా తాగింది."

ఫోనులో ఆమె వెనక ఎవరో కీబోర్డులు కొడుతున్న చప్పుడు, ఎవరో నవ్విన చప్పుడు వినిపించాయి. ఆమె ఊపిరి ఒకసారి గట్టిగా పీల్చుకుంది.

"సరే అండి. ఆ సోఫా కవరు మాత్రం నీళ్లలో నానబెట్టకండి, రంగు పోతుంది."

అప్పటికే నానబెట్టాను. అది కూడా చెప్పాను.